సాసర్ లేని కప్పు

మొన్న రంజాన్ పండక్కి బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అన్న కూతురు ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "చిచ్చా, ఇది నీకు. చాయ్ గిఫ్ట్" అంది. విప్పితే మూడు చిన్న డబ్బాల్లో టీ ఆకు, ఒక స్టీలు వడపోత, మూత ఉన్న పింగాణీ మగ్గు, కాగితప్పొట్లంలో నాలుగు స్కోన్లు. స్కోను అంటే ఏమిటే అని అడిగాను. స్కాట్లండు వైపు తిండట. మధ్యకు చీల్చి మీగడ, జాము పూసుకుని టీతో తినాలట. నేను మాత్రం చిన్నప్పటి అలవాటు కొద్దీ టీలో ముంచాను. సగం విరిగి కప్పులో పడింది. ఇంట్లో అందరూ నవ్వారు. మా ఆవిడ చెంచాతో ఆ ముక్క తీసి రుచి చూసి, మన నంద్యాల బేకరీ బన్ను ముందు ఇది ఎందుకూ పనికిరాదని తీర్పు చెప్పేసింది.

ఆ పిల్ల వాళ్ల నాన్నతో ఏదో వాదనలో ఉండి, మధ్యలో ఒక మాట అంది. "అన్నిట్లో మతం వెతుకుతారేం మీరు? చాయ్‌లో ఏముంది? అందరూ తాగుతారు. చిన్న సంతోషం. అంతే."

పండగపూట ఎందుకులే అని నేను ఊరుకున్నాను. కానీ మా అటక మీద ఇంకో అట్టపెట్టె ఉంది. 1983 నుంచి ఉంది. అందులో ఆరు కప్పులు, ఆరు సాసర్లు. ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన కానుక. ఇన్నేళ్లలో వాటిల్లో టీ పోసి ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పాలంటే ముందు మా అబ్బా హోటలు గురించి చెప్పాలి.

హోటలంటే పెద్దదేం కాదు. నంద్యాల ఆత్మకూరు బస్టాండు దగ్గర రేకుల కొట్టం. రెండు బెంచీలు, బొగ్గుల పొయ్యి, గుడ్డ వడపోత, గాజు గ్లాసులు. పాలు ఒక గిన్నెలో చిక్కబడేదాకా కాగేవి. డికాషన్ ఇంకో గిన్నెలో మరిగేది. రెండూ గ్లాసులో కలిసేవి. ఆకు మామూలు డస్టే. తెల్లవారుజామున నాలుగింటికి మొదటి గ్లాసు. బస్సుల వాళ్లు, వడ్ల బండ్ల వాళ్లు, పత్తి మిల్లుకు పోయేవాళ్లు, కోర్టు పనికొచ్చిన రైతులు. రెడ్లు, బలిజలు, బోయలు, కోమట్లు, మాదిగలు, అందరికీ అవే గ్లాసులు. ఒకరిద్దరు బ్రాహ్మణ గుమాస్తాలు కూడా అటూ ఇటూ చూసి గబగబా తాగి పోయేవాళ్లు. అబ్బా అన్ని గ్లాసులనూ ఒకే తొట్టి నీళ్లలో ముంచి తీసేవాడు. సెక్యులరిజం అనే మాటను పుస్తకాల్లో చదవకముందే నేను ఆ తొట్టిలో చూశాను.

హోటలు వెనక ముప్పై అడుగుల్లో మా ఇల్లు. అవే పాలు, అదే ఆకు, అదే అబ్బా చెయ్యి. కానీ హోటల్లో రెండు గ్లాసులు తాగిన మనిషినే ఇంట్లోకి పిలిచి ఇస్తే "ఇప్పుడే తాగినా సాయిబూ" అనేవాడు. పండక్కి షీర్‌ఖుర్మా పంపితే గిన్నె చక్కగా కడిగి తిరిగొచ్చేది. లోపలిది ఏమైందో మేం అడిగేవాళ్లం కాదు. కొందరు ముందే చెప్పేవాళ్లు: "వండింది వద్దమ్మా, సేమ్యాలు, చక్కెర ఇయ్యి, మేమే చేసుకుంటాం." అమ్మీ అట్లాగే పొట్లాలు కట్టి పంపేది. అందులో ఆమెకు అవమానం కనపడేది కాదు. నాకు కనపడింది, కాలేజీకి పోయినాక.

డబ్బులిచ్చి తాగితే అంటని మైల పిలిచి ఇస్తే ఎట్లా అంటుతుంది? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు తిన్నది. హోటలు బజారుది, ఇల్లు మనిషిది, అందుకని తేడా అని కొందరు సమాధానం చెప్పారు. అది సగమే. నాకు తోచింది ఇది. హోటల్లో గ్లాసు కింద పెట్టి పక్కన చిల్లర పెట్టగానే లెక్క తీరిపోతుంది. ఆ మనిషి మాకు ఏమీ బాకీ లేడు. ఇంట్లో తాగితే లెక్క తీరదు. రేపు నన్ను తన ఇంటికి పిలవాలి. తన గ్లాసులో పొయ్యాలి. ఎల్లుండి ఇంకేదో అడుగుతానేమో. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద రాస్తూ ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేనని చెప్పాడు. పుచ్చుకోనంటే సంబంధమే వద్దన్నట్టు. అంటే వాళ్లు భయపడింది గ్లాసుకు కాదు, గ్లాసు వెనక వచ్చే చుట్టరికానికి.

1950 నాటి రాజ్యాంగం అంటరానితనాన్ని 17వ అధికరణలో రద్దు చేసింది. అంగళ్లు, హోటళ్లు, బావుల దగ్గర మతం పేరుతో, కులం పేరుతో ఎవర్నీ ఆపగూడదని 15వ అధికరణ చెప్పింది. మంచిదే. కానీ నన్ను నీ ఇంటి వసారాలో ఏ గ్లాసుతో కూర్చోబెడతావో ఏ అధికరణ చెబుతుంది?

వసారా అన్నాను గాబట్టి ఆళ్లగడ్డ సంగతి. అప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ కర్నూలు జిల్లాలోవి. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాలే జిల్లా అయింది. డిగ్రీలో నా జిగ్రీ దోస్తు ఆళ్లగడ్డ దగ్గరి పల్లె రెడ్ల పిల్లోడు. సెలవులకు ఎర్రబస్సెక్కి శిరివెళ్ల మీదుగా వాళ్ల ఊరికి పోయేవాణ్ణి. ఆళ్లగడ్డలో దిగి, శిల్పుల కొట్టాల్లో ఉలి చప్పుళ్లు వింటూ కాసేపు నిలబడి, అక్కణ్ణుంచి నడక. వాళ్లమ్మ నన్ను చూడగానే "రా నాయనా, అమ్మ బాగుండాదా? అక్కకు సంబంధాలు చూస్తాండారా?" అని అడిగేది. జొన్నరొట్టె, బుడ్డల పొడి విస్తట్లో పెట్టేది. తర్వాత టీ. అంచు కొంచెం పగిలిన గాజుగ్లాసు. తాగి లోపలికి తీసుకుపోబోతుంటే "ఆ గూట్లో పెట్టు నాయనా" అంది. వసారా బయటి గోడకు ఒక గూడు. రెండోసారి పోయినప్పుడూ అదే గ్లాసు, అదే గూడు. మూడోసారి ఎవరూ చెప్పకుండానే నేనే గూట్లోంచి తీసుకుని, తొట్టి దగ్గర కడుక్కుని, పట్టుకుని నిలబడ్డాను. ఆమె పైనుంచి పోసింది. ఆ మూడోసారి గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. మొదటి రెండుసార్లూ ఆమె చేసింది. మూడోసారి చేసింది నేను.

తిరిగొచ్చేటప్పుడు ఆమె సంచినిండా బుడ్డలు పోసి "అమ్మకియ్యి" అనేది. అది నటన కాదు. నాకు జ్వరమొస్తే కన్నతల్లి లెక్క చూసుకున్న మనిషి. ద్వేషమే ఉంటే నాకు సులువుగా ఉండేది. తిట్టుకుని మళ్లీ పోకుండా ఉండేవాణ్ణి. ప్రేమా గూడూ ఒకే ఇంట్లో ఉంటే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

ఈ వేరు గ్లాసుల పద్ధతి పల్లెటూళ్ల మూఢత్వం అనుకునేవాళ్లకు ఒక మాట. టీని మనకు అలవాటు చేసిందే పెద్ద వ్యాపారం. తోటల దొరలు 1903లో టీ మీద సెస్సు చట్టం తెప్పించుకుని, ఆ డబ్బుతో ప్రచారం నడిపారు. 1930ల మాంద్యంలో బయట సరుకు అమ్ముడుపోక మన జనానికి తాగించే పని ఇంకా పెద్దయెత్తున పట్టుకున్నారు. ఆకు కోయడానికి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగు కూలీలను కూడా అస్సాం దాకా పట్టుకుపోయారు. రైల్వే స్టేషన్లలో టీ వచ్చింది. ఎట్లా వచ్చింది? హిందూ చాయ్, ముసల్మాన్ చాయ్ అని రెండు కేకలతో వచ్చింది. హిందూ పానీ, ముసల్మాన్ పానీ సరేసరి. కొత్త వస్తువు వస్తే పాత గోడలు పడిపోతాయనుకుంటాం. గోడకు రెండు వైపులా అమ్ముకోవచ్చని వ్యాపారికి మనకంటే ముందే తెలుసు.

ఆ గోడను ఒకసారి కొందరు సిపాయిలు మామూలుగా దాటేశారు. ఆజాద్ హింద్ ఫౌజు ఖైదీలను రెండో ప్రపంచయుద్ధం తర్వాత గాంధీ చూడబోయాడు. వాళ్ల ఫిర్యాదు తిండి చాలదని కాదు. ఫౌజులో కలిసి తిన్న తమకు జైల్లో హిందూ చాయ్ వేరుగా, ముస్లిం చాయ్ వేరుగా ఇస్తున్నారని. మరి మీరేం చేస్తున్నారని ఆయన అడిగాడట. రెండూ సగం సగం కలిపేసి పంచుకుంటున్నామన్నారట. మన హైదరాబాదు ఆబిద్ హసన్ సఫ్రానీ కూడా ఆ ఫౌజు మనిషే. ఈ సంగతి చదివినప్పుడు నేను మొదట చూసింది సిపాయిల దేశభక్తిని కాదు. ఆ కలిపిన గిన్నెను. ఎవరి చాయ్ ఏదో మళ్లీ విడదియ్యలేరు గదా.

కాఫీ సంగతి ఇంకా తమాషా. మన దక్షిణాదిన ఒకప్పుడు కాఫీ అంటే బ్రాహ్మణ ఇళ్ల మర్యాద, టీ అంటే సాయిబులది, కూలోళ్లది. కాఫీ గింజలు యెమెన్ నుంచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటింది బాబా బుడన్ అనే ఫకీరు అని చెప్పుకుంటారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. ఫకీరు తెచ్చింది మడి ఇళ్లలోకి పోయింది, ఇంగ్లీషువాడు అమ్మింది 'సాయిబు చాయ' అయింది. సరే, దాన్నట్లా ఉంచుదాం.

1983లో మా ఆపా నిఖా. హిందూ స్నేహితుల కోసం పక్కన వేరే పందిరి, వేరే వంటమనిషి, శాకాహారం. అప్పట్లో మా ఇళ్లలో అది మామూలు ఏర్పాటు. దోస్తు వచ్చాడు, వాళ్ల నాయనతో. చేతిలో అట్టపెట్టె. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, అంచుకు సన్నటి నీలం గీత. అమ్మీ అంత మంచి కప్పులు ముట్టుకోవడం అదే మొదలు. దోస్తు ఎప్పటిలాగే మా వంటింట్లోకొచ్చి నా గ్లాసులో సగం తాగాడు. వాళ్ల నాయన పందిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. మా అబ్బా, ఆయన 'మామా' అంటే 'మామా' అనుకునేవాళ్లు. అబ్బా లోపలినుంచి కొత్త కప్పులో టీ తెప్పిస్తానన్నాడు. ఆయన నవ్వుతూ "ఎందుకు మామా శ్రమ, నీ అంగట్లోంచి ఒక గ్లాసు చెప్పు" అన్నాడు. పిల్లోడు పరిగెత్తి హోటల్నుంచి తెచ్చాడు. ఆయన తాగాడు. మెచ్చుకున్నాడు. లేచేటప్పుడు జేబులోంచి చిల్లర తీసి మంచం పట్టె మీద పెట్టాడు. పెళ్లింట్లో టీకి డబ్బులు. అబ్బా ఒక్క క్షణం చూసి, ఆ చిల్లర తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం నేను అబ్బాతో పోట్లాడాను. ఆ డబ్బులు ఎట్లా తీసుకున్నావు, మొహాన కొట్టాల్సింది కదా అన్నాను. అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పీలియా నా, బస్" అన్నాడు. తాగినాడు కదా, చాలు. ఇంకా రెట్టిస్తే అన్నాడు: "ఆయన పెద్దతనానికి ఆ చిల్లర కావాల. నాకు ఆయన మా గడపలో కూర్చునింది కావాల. ఎవరిది వాళ్లకు దొరికింది."

అబ్బా చేసింది తప్పా ఒప్పా? మీరేమంటారు? ఇరవై ఏళ్ల వయసులో తప్పన్నాను. నలభైలో అది బతుకుతెరువు తెలివి అనుకున్నాను. రేపు ఆ మనిషే హోటలుకు రావాలి, ఊళ్లో మేం ఉండాలి. ఇప్పుడు మళ్లీ తప్పే అనిపిస్తుంది. అయితే చిల్లర తీసుకున్నందుకు కాదు. ఆయనకు ఎప్పుడూ ఏమీ చెప్పకపోయినందుకు. ఆళ్లగడ్డ వసారాలో నేను మాత్రం ఏం చెప్పాను గనక?

అసలు సంగతి ఇంకా ఉంది. అబ్బాతో పోట్లాడి నేను ఉడికిపోతూ పెరట్లోకి పోయేసరికి దొడ్డి శుభ్రం చేసే అవ్వ వచ్చి ఉంది. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పదిహేనేళ్లుగా వస్తున్నా తెలియదు. పెళ్లి అన్నం తీసుకుపోవడానికి వచ్చింది. అమ్మీ నా చేతికి కేటిల్ ఇచ్చి "ఆమెకు కొంచెం చాయ్ పొయ్యి" అంది. నీళ్ల డ్రమ్ము వెనక ఆమె కప్పు ఉండేది. తెల్ల కప్పు, చెవి విరిగింది, సాసర్ లేదు. ఎప్పుడో మా ఇంట్లో వాడి, పాడైతే ఆమెకు కేటాయించింది. అవ్వ తనే దాన్ని తీసుకుని, కడుక్కుని, రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నేను పోశాను. పైనుంచి పోశాను. నా చెయ్యి ఎంత ఎత్తులో ఉందో నాకే కనపడింది. ఆళ్లగడ్డ అమ్మ చెయ్యి కూడా అంతే ఎత్తులో ఉండేది.

ఇస్లాంలో అంటు లేదు అని మీటింగుల్లో నేనూ చాలాసార్లు మాట్లాడాను. ఒకే దస్తర్‌ఖాన్, ఒకే సఫ్, రాజూ పేదా పక్కపక్కన. అందులో అబద్ధం లేదు. నీళ్ల డ్రమ్ము వెనక కప్పు కూడా అబద్ధం కాదు. మమ్మల్ని గూట్లో పెట్టారని బాధపడే మేం, మా డ్రమ్ము వెనకేముందో చూసుకోలేదు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి వచ్చాయి. మా దొడ్డి మారింది ఆ చట్టాల వల్ల కాదు, వీధిలో అందరూ కట్టుకుంటే మేమూ కట్టుకున్నాం. అవ్వ రావడం మానేసింది. ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. కప్పు చాలా రోజులు అక్కడే ఉండింది.

సాసర్ గురించి ఒక మాట. చీనావాళ్ల పాత టీ గిన్నెలకు చెవులుండవు. చెవి తగిలించింది యూరపువాళ్లు. సాసర్‌ను మనం చల్లార్చుకుని జుర్రుకోవడానికి వాడుకున్నాం, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లూ అదే చేసేవాళ్లు. దానికంటే ముఖ్యంగా పంచుకోవడానికి. మా హోటల్లో ఒక చాయ్ చెప్పి, కప్పు ఒకరు, సాసర్ ఒకరు తీసుకునేవాళ్లు. జేబులో డబ్బుల్లేని రోజుల్లో నేనూ దోస్తూ అట్లా ఎన్నిసార్లు తాగామో. అవ్వ కప్పుకు సాసర్ లేకపోవడం ఊరికే జరిగింది కాదనిపిస్తుంది. ఆమెతో పంచుకునేవాళ్లు ఎవరూ లేరని ఇంట్లో అందరికీ ముందే తెలుసు.

ఆ నీలంగీత కప్పులను అమ్మీ "పెద్దవాళ్లెవరైనా వస్తే తీద్దాం" అని అటక మీద పెట్టించింది. నాకు ఇంకో పంతం. దోస్తు నాయన మా ఇంట్లో ఆ కప్పులో తాగేదాకా ఎవరికీ ఇవ్వగూడదని. ఆయన మళ్లీ రాలేదు. పోయాడు కూడా. 1992 డిసెంబరు తర్వాత కొన్ని వారాలు అబ్బా హోటల్లో బెంచీలు ఖాళీ. తర్వాత నిండాయి. కానీ నేను టీ అందించబోతే మాటలు ఆగిపోయేవి, ఇవతలికి రాగానే మొదలయ్యేవి. అప్పుడు ఆ అట్టపెట్టె సంగతి తలుచుకోవాలని కూడా అనిపించలేదు. తర్వాత అబ్బా పోయాడు, హోటలు పోయింది.

ఈ పండక్కి దోస్తు వచ్చాడు. వాడిప్పుడు రిటైరైన పంతులు. అన్న కూతురు గిఫ్టు చూసి నవ్వుతుంటే, నేను అటక మీదినుంచి వాడి పెట్టె దింపించాను. ఒక కప్పు చెవి ఎప్పుడో విరిగిపోయింది. అయిదు బాగున్నాయి. కడిగించి టీ పోయించాను. నలభై ఏళ్ల నుంచి అడగాలనుకున్నది అడిగాను. "అప్పుడు ఈ కప్పులు ఎందుకు తెచ్చినావు రా?"

వాడు కాసేపు ఆలోచించి, "ఏమో రా, గుర్తులేదు. అంగట్లో బాగున్యాయని తెచ్చినా" అన్నాడు.

గూట్లో గ్లాసుకు బదులుగా తెచ్చాడని, క్షమాపణ అని, నలభై ఏళ్లుగా నేననుకున్నదంతా నేను పోసుకున్నదే. కాసేపయ్యాక వాడే తల దించుకుని అన్నాడు. "ఆ గూట్లో గ్లాసు నాకు తెలుసు. అమ్మ పోయినాక నేనే తీసి పారేసినా. నీకు చెప్పల్యా." ఏం చెప్పాలో నాకూ తోచలేదు. స్కోను ఒకటి మిగిలితే సగం సగం తిన్నాం.

ఇప్పుడు నంద్యాలలో ఏ బండి దగ్గరికి పోయినా కాగితం కప్పులే. తాగి పారేస్తారు. ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు. రెండు గ్లాసుల పంచాయితీ తీరిపోయిందని ఒకాయన నాతో సంతోషంగా అన్నాడు. ఆలోచిస్తే, తీరిందంటే అందరికీ తలా ఒక వేరు గ్లాసు దొరికిందని అర్థం. అబ్బా తొట్టిలాంటిది ఇప్పుడు ఎక్కడా కనపడదు.

పండగ మరుసటి రోజు పొద్దున మున్సిపాలిటీ బండితో చెత్త తీసుకుపోయే ఆమె వచ్చింది. అన్న కూతురు ఆమెను ఆపి, పేరు అడిగి, తను తెచ్చిన కొత్త మగ్గులో టీ తెచ్చింది. ఆమె చూసి "అంత మంచిది ఎందుకమ్మా, కాగితం గ్లాసులో పొయ్యి, కడిగే పని ఉండదు" అంది. ఈ పిల్ల వినలేదు. మగ్గు చేతిలో పెట్టింది, కుర్చీ కూడా వేసింది. ఆమె కూర్చోలేదు. నిలబడే తాగింది. బాగుందమ్మా అంది. పిల్ల చెయ్యి చాపేలోగా మా వాకిట్లో కొళాయి దగ్గరికి పోయి, మగ్గును లోపలా బయటా రెండుసార్లు కడిగి, బోర్లించి అరుగు మీద పెట్టి బండి తోసుకుంటూ పోయింది.